జడ బొమ్మ కాగితాలు

గోల్ ఘర్ కిరాణా కొట్లో పొట్లాలు కట్టే మనిషి పని పోగొట్టుకుని ఓడెక్కడం నా వల్లేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో ఒకసారి రాశాను. మర్నాడు ఆ పేజీ చింపి పొయ్యిలో పెట్టాను. ఇప్పుడు రాస్తున్నది మాత్రం చింపకూడదనుకుంటున్నాను.

అప్పటికి నాకు పదిహేడేళ్లు. మా ఇల్లు బ్రూక్షాబాద్‌లో, మద్రాసు నుంచి ఓడ మీద రావలసిన దీవుల్లో. నాన్నది చేపల వేట. నా పదో ఏట అమ్మ పోతే, నాన్న అక్క శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మాతో ఉండిపోయింది. చేపలు ఎండబెట్టి అమ్మడం మా అత్త పని. నా పని వారానికి మూడు రోజులు పచ్చి చేపలు గోల్ ఘర్ పక్కనున్న ఆఫీసు క్వార్టర్లలో మూడిళ్లకు ఇచ్చి, వచ్చేటప్పుడు కొట్లో సరుకులు తేవడం.

బడిలో నేను చదివింది హిందీ. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, బూడిదలో వేలితో. అమ్మ పోయాక ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే. చదవడానికి ఏమీ ఉండేది కాదు. ఉన్నా నాన్న ఒప్పుకునేవాడు కాదు. ఉత్తరాలు మాత్రం చదవనిచ్చేవాడు. కథలు చదివే ఆడపిల్లకు ఉన్న ఇల్లు ఆనదని ఆయన నమ్మకం. అత్త కూడా అవునవునని తలూపేది.

ఆ రోజుల్లో మాకు ధరలైనా, ఉత్తరాలైనా ఓడ మీదే వచ్చేవి. ఓడ నాలుగు రోజులు ఆలస్యమైతే ఉల్లిపాయల ధర రెట్టింపయ్యేది. కూత వినబడిన పూటే కొట్టువాడి గొంతులో మెత్తదనం వచ్చేది. కూతకు ముందు రోజు ఎవరైనా ఉల్లిపాయలు కొంటే ఆడవాళ్లు వాళ్లను పిచ్చివాళ్ల కింద జమకట్టేవారు. అణాలు పోయి కొత్త పైసలు వచ్చాక ఈ అనుమానాలు ఇంకా పెరిగాయి. కొట్టువాడు చిల్లర ఇస్తే అత్త ఒక్కో బిళ్లనీ ఎండకు పెట్టి చూసేది. "ఇంత సన్నంగా ఉన్నాది, ఇది రేపు సెల్లుతాదేటి?" అనేది.

నెలకో రెండు నెలలకో మైదానంలో ప్రభుత్వం వాళ్లు తెర కట్టి సినిమా వేసేవారు. ముందు వైపు జాగా దొరక్క మేం తెర వెనక కూర్చునేవాళ్లం. అక్షరాలు తిరగబడి కనిపించేవి, నాయకుడు ఎడమ చేత్తో అన్నం తినేవాడు. మాటలన్నీ హిందీ. "ఆడేటంతన్నాడే?" అని అత్త అడుగుతుంటే నేను చెవిలో చెప్పేదాన్ని. క్వార్టర్లలో ఒకరింట్లో రేడియో ఉండేది. వాళ్లు చేపలు బేరం చేసేలోపు నేను వార్తలు వినేదాన్ని, ఇంటికొచ్చి నాన్నకు చెప్పేదాన్ని. అత్తకు అదీ నమ్మకం లేదు. "ఆ డబ్బాలోనోడు ఎల్లి సూసొచ్చాడేటి?" అనేది.

అసలు మా దగ్గర ఎవరినీ ఎవరూ ఊరికే నమ్మేవారు కాదు. ఎవరు ఏ ఒడ్డు నుంచి ఎందుకొచ్చారో, అక్కడ ఏం వదిలి వచ్చారో పక్కింటివాళ్లకు తెలియదు. దీవుల్లోనే పుట్టిన పాతకాలపు ఖైదీల మనవలను చూస్తే మరీను. "ఈ ఊళ్లో ఎవుడి తాత ఏటి సేసి ఒచ్చాడో మనకేటి మాలూమ్?" అనేవాడు నాన్న. ఆ మాట వింటూ పెరిగినదాన్ని, నాకు మాత్రం వేరే బుద్ధి ఎక్కడి నుంచి వస్తుంది?

తెలుగు అచ్చు నాకు దొరికిన చోటు ఆ కిరాణా కొట్టు. పాత పత్రికలు కట్టలు కట్టలుగా ఓడలో వచ్చేవి. కొట్టువాడు వాటిని పొట్లాలకు వాడేవాడు. హిందీ, అరవం, బెంగాలీ, తెలుగు, అన్నీ కలిసి ఉండేవి. ఒకసారి మిరపకాయల పొట్లం విప్పితే మా ఊరి వైపు తుఫాను వచ్చి గుడిసెలు కొట్టుకుపోయాయని ఉంది. నాన్నను పిలవబోతూ తేదీ చూశాను. రెండేళ్ల కిందటిది. అప్పుడు మాకు ఏ ఉత్తరమూ రాలేదు. మరి అది రెండేళ్ల కిందటి బాధో, అసలు బాధే కాదో తెలియక, చెప్పకుండా ఊరుకున్నాను.

ఒక ఓడ వచ్చి వెళ్లాక, జీలకర్ర పొట్లంలో వారపత్రిక కాగితం వచ్చింది. అందులో నవల ముక్క. మధ్యలో కిటికీ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి బొమ్మ, నడుము దిగిన జడ. కథలో ఆమె వకీలు గారి కూతురు. తండ్రికి తెలియకుండా ఎవరికో ఉత్తరం రాస్తుండగా నా చేతిలోని ముక్క అయిపోయింది. మూడు రోజులకు ధనియాల పొట్లంలో అదే అమ్మాయి. ఆ తరువాత చింతపండులో, మళ్లీ వాములో. నేను కావాలని అన్నీ కొంచెం కొంచెంగా, విడివిడిగా కట్టించుకునేదాన్ని. ఇంటికొచ్చి మడతలు సాపు చేసి, బియ్యం డబ్బా కింద దాచేదాన్ని. మొదట అదృష్టం అనుకున్నాను. పదిసార్లు అదృష్టం ఉండదు కదా. ఎవరో ఏరుతున్నారు.

కాగితాల మూల ఒక చిన్న కాలిన మచ్చ ఉండేది, శనగగింజంత. ఒక్కోదాని మీద రెండు. పొట్లాలు కట్టే అతనికి బీడీ అలవాటు. ముప్పై ఏళ్ల మనిషి, మద్రాసు వైపు నుంచి వచ్చాడు. నాతో హిందీలో మాట్లాడేవాడు, దీదీ అనేవాడు. నా పొట్లాలు కట్టేటప్పుడు త్రాసు బల్ల కింద నుంచి విడిగా కాగితాలు తీసేవాడు. అది నా కళ్లతో చూశాను. మద్రాసు మనిషికి తెలుగు చదవడం వచ్చే ఉంటుందనుకున్నాను. వస్తే ఎందుకు చెప్పడు? కథలోని అమ్మాయి దొంగచాటుగా ఉత్తరాలు రాస్తుంది. అలాంటి కథే నాకెందుకు ఏరి ఇస్తున్నాడు? ఆ రోజు నుంచి అతని ముఖం చూడటం మానేసి, చేతులు చూడటం మొదలుపెట్టాను. కాగితాలు తీసుకోవడం మాత్రం మానలేదు.

తొమ్మిదో ముక్కో పదోదో వచ్చేసరికి వకీలు గారి కూతురు సర్కస్‌లో తీగ మీద నడుస్తోంది. పేరు కూడా మారింది. మధ్యలో కాగితాలు పోయాయి కదా, ఆ పోయినవాటిలోనే ఇల్లు వదిలి వెళ్లి ఉంటుందనుకున్నాను. నాన్న అన్నమాటే నిజమైందని కొంచెం భయం కూడా వేసింది.

పక్కింటావిడ ఒకరోజు నాన్నతో అన్నది, "మీ గుంట ఆ కొట్టుకాడ సానాసేపు నిలబడతాది భయ్యా, జర దేఖ్‌నా" అని, కాస్త కనిపెట్టుకోమని. సాయంత్రం నాన్న వల బాగుచేసుకుంటూ పిలిచాడు. అత్త పెరట్లో చేపలు తిరగేసి వచ్చి, గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది. మా వైపు ఆడవాళ్ల అలవాటు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు.

"ఆ కొట్టుకాడ ఏటున్నాదే నీకు?" అన్నాడు నాన్న.

"ఏం లేదు."

"ఏం నేకపోతే ధనియాలకో రోజు, వాముకో రోజు ఎందుకెల్తన్నావు? ఓ పాలి తెచ్చుకోనేవా?"

బియ్యం డబ్బా నా వెనకే ఉంది. దాన్ని జరిపితే చాలు. "అక్కడ పొట్లాలు కట్టే అతను నాకు కాగితాలు ఏరి ఇస్తున్నాడు" అన్నాను.

"నీకే? ఎందుకు?"

అప్పుడు నేను, "ఏమో" అన్నాను.

ఆ ఒక్క మాటే. నేను అతన్ని అడగలేదు, వస్తే చదువుకుంటున్నాను అని చెప్పి ఉండవచ్చు. అతను ఒక్క చెడ్డ మాట అనలేదని చెప్పి ఉండవచ్చు. ఏమో అన్నాను. నాన్న చేతిలో వల సూది ఆగింది. అత్త చుట్ట నోట్లోంచి తీసింది. ఏదో అంటుందనుకున్నాను. నాన్న వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మళ్లీ నోట్లో పెట్టుకుంది.

మర్నాడు నాన్న కొట్టుకు వెళ్లాడు. కాగితాల మాట ఎత్తలేదట. కాగితాలంటే నా చదువు బయట పడుతుంది, అది ఆయనకు నామోషీ. "నీ మనిషి మా పిల్లకాసి ఏటి సూస్తన్నాడు?" అని నలుగురిలో అడిగాడట. కొట్టు యజమాని దీవుల్లో పుట్టిన పెద్దమనిషి, గొడవ పడనివాడు. ఆ వారమే అతనికి లెక్క తేల్చి పంపేశాడు.

ఓడ బయలుదేరే రోజు నేను చేపల బుట్టతో వెళ్తుంటే అతను ఎదురొచ్చాడు. భుజం మీద ట్రంకు పెట్టె. నన్ను చూసి ఆగాడు. తిడతాడనుకున్నాను. అతను రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్లి, ముఖం గోడ వైపు తిప్పుకుని నడిచాడు. మళ్లీ ఎవరైనా ఏమైనా అంటారేమోనని. నేను దాటి పోయాక వెనక్కి చూస్తే మళ్లీ ఇటు వైపుకు వచ్చి నడుస్తున్నాడు.

పొట్లాలు ముసలి యజమానే కడుతున్నాడు కాబట్టి నాన్న నన్ను కొట్టుకు వెళ్లనిచ్చాడు. మొదటిసారి మెంతులు తెచ్చాను. ఇంటికొచ్చి విప్పాను. కిటికీ దగ్గర జడ అమ్మాయి. కాగితం మూల కాలిన మచ్చ.

ఆ మచ్చ మీద వేలు పెట్టి చూశాను. యజమానికి బీడీ అలవాటు లేదు.

తరువాతి ఓడ వచ్చిన మర్నాడు పొద్దున్నే కొట్టుకు వెళ్లాను. కొట్టు వెనక సందులో పాత కాగితాల కట్టలు విప్పుతున్నారు. మా అత్త గొంతుక్కూర్చుని ఉంది. ఎండుచేపలు కట్టడానికి ఆమె అక్కడే కాగితాలు తీసుకుంటుందని నాకు తెలుసు, బదులుగా యజమానికి నాలుగు చేపలు ఇచ్చేది. నేను చూసింది వేరు. ఒక్కో కాగితాన్ని తిరగేస్తోంది. బొమ్మ వస్తే నోట్లోని చుట్ట తీసి, అదే చేత్తో కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంటోంది. నిప్పు మూలకు తగులుతోంది. వేలితో జడ పొడవునా గీసి చూస్తోంది. జడ పొట్టిగా ఉంటే బుట్టలోకి, పొడవుగా ఉంటే పక్కకు. బియ్యం డబ్బా కింద నేను దాచిన మొదటి బొమ్మను ఎప్పుడో చూసి ఉంటుంది.

"యే వాలా, జడ వాలీ" అంది యజమానితో. "మా గుంట పొట్లాం మే."

"మాలూమ్ హై, దీదీ" అన్నాడాయన. "హర్ జహాజ్ మే ఏక్ హీ బాత్." జడ బొమ్మలు నా పొట్లాల్లో పెట్టమని ప్రతి ఓడకూ ఆమె చెప్పే మాటేనట. తీసుకుని త్రాసు బల్ల కింద పెట్టాడు.

వకీలు గారి కూతురు సర్కస్‌లోకి ఎలా వెళ్లిందో అప్పుడు అర్థమైంది. అవి రెండు వేర్వేరు నవలలు. బొమ్మలు వేసిన చేయి ఒకటే, జడలు ఒకటే. చదువు వచ్చినవాళ్లు ఎవరూ ఆ రెండింటినీ కలపరు. ఆ సంగతి నేను ముందే పట్టుకుని ఉండాల్సింది. ఇన్ని అనుమానాలు పడ్డదాన్ని, అక్కరకొచ్చే ఆ ఒక్క అనుమానం నాకు రాలేదు.

అతని తప్పేమీ లేదని యజమానికి చెబుదామని కొట్టు ముందుకు వచ్చాను. నలుగురు కొనుక్కుని వెళ్లేదాకా నిలబడ్డాను.

"ఔర్ క్యా, బేటీ?" అన్నాడాయన.

"ధనియా" అన్నాను.

అత్తకూ చెప్పలేదు, నాన్నకూ చెప్పలేదు. చెబితే అత్త కాగితాల సంగతి బయటికొస్తుంది, ఆమెకు ఈ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజం. మిగతాది పిరికితనం. ఆ రోజు అత్త ఎందుకు నోరు విప్పలేదో నేను అడగలేదు. నేను ఏమో అని ఎందుకన్నానో ఆమె అడగలేదు. కాగితాలు మాత్రం వస్తూనే ఉండేవి. అత్తకు ఏ ముక్కా చదివి వినిపించలేదు. ఆమె అడగనూ లేదు. ఒకే వంటింట్లో, నాకు తెలుసని ఆమెకు తెలుసో లేదోనని కనిపెడుతూ మూడేళ్లు గడిపాను. నేను బియ్యం డబ్బా జరిపితే ఆమె లేచి పెరట్లోకి వెళ్లేది.

కిందటేడు అత్త కళ్లకు మసకలు వచ్చాయి. జడ పొడవు పోల్చుకోలేక ఏ ఆడదాని బొమ్మ ఉన్నా పంపేసేది. సబ్బుల ప్రకటనలు కూడా వచ్చాయి. పుట్టిన ఊరు ఒకసారి చూసి, అక్కడే కళ్లు చూపించుకుంటానని ఓడెక్కింది. మద్రాసు దిగి, రైల్లో వెళ్లాలి. నాన్న మూటలు మోసుకుని ముందు నడిచాడు. ఆమె నా భుజం పట్టుకుని జెట్టీ దాకా వచ్చింది. మెట్ల దగ్గర ఆగింది. ఆమె ఊరు చేరింది గాని, తిరిగి రాలేదు. మూడో నెలలో ఆమె పోయిందని వచ్చిన ఉత్తరం నేనే నాన్నకు చదివి వినిపించాను. మెట్ల దగ్గర నాన్నకు వినబడకుండా నా చెవిలో ఆమె అన్నది ఇంతే:

"మద్రాసులో ఆడు అవుపడితే నేనే సెప్తానే. నువ్వు ఊరుకో."