మబ్బు మామయ్య పాటలో మూడు తుమ్ములు

మా స్కూలు పిల్లలు పాడే పాట ఒకటుంది. అందులో మూడు తుమ్ములు వస్తాయి. వాటిని పెట్టింది నేనే. కావాలని పెట్టలేదు లెండి! ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. మా చర్చిలో మాత్రం చెప్పకండి. అక్కడ క్వయర్‌కి పాటలు నేర్పేది నేనే, కాస్త పరువుంది.

మాది గుంటూరు నుంచి మార్టూరు వెళ్ళే దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళ్ళాల్సిన ఊరు. ప్రైమరీ స్కూల్లో ఇద్దరమే టీచర్లం, హెడ్‌మాస్టరు మస్తాన్ గారూ నేనూ. శుక్రవారం ఆఖరి పీరియడ్ నేను మ్యూజిక్ చెబుతాను. ఆ పీరియడ్ మీద మస్తాన్ గారికి ఎప్పటినుంచో కన్ను. ఎక్కాలు రాని పిల్లలకి పాటలెందుకని ఆయన బాధ.

"చూడమ్మా, గురువారం ఎంఈఓ గారు స్కూలు చూడ్డానికి వస్తున్నారు. ఆయన ముందు ఒక పాట పాడించు. బావుందన్నారా, పీరియడ్ నీది. లేదంటే లెక్కలకి ఇచ్చెయ్యి" అన్నారు.

సరేనన్నాను. వారం మొత్తానికి నాకు ఇష్టంగా గడిచేది ఆ నలభై నిమిషాలే. ఊరికే ఎలా వదులుకుంటాను?

వాన మీద పాట కట్టాను. "మబ్బు మామయ్యా, మా ఊరికి రావయ్యా" అని. వినగానే మస్తాన్ గారు అదిరిపడ్డారు.

"కల్లాల్లో మిరపకాయ ఆరబోసి ఊరంతా ఆకాశం వంక చూస్తుంటే వానని పిలుస్తావేంటమ్మా! కొడతారు మనల్ని!"

నిజమే కదా! మార్చాను. "మబ్బు మామయ్యా, పక్కూరికి పోవయ్యా." పక్కూళ్ళోనూ మిరపకాయలే ఆరబోస్తారనుకోండి. వాళ్ళకి వేరే స్కూలుంది, వాళ్ళ పాట వాళ్ళు కట్టుకుంటారు.

నా క్లాసులో ఒకటే రూలు. పాడేటప్పుడు అందరూ నా మొహమే చూడాలి, నేను ఏం చేస్తే అదే చెయ్యాలి. ఎందుకు, ఏమిటి అని అడక్కూడదు.

ఇక తాళానికి ఏదో ఒకటి ఉండాలిగా. ఖాళీ వాటర్ బాటిల్ తెమ్మన్నాను, లోపల వేసి ఊపడానికి ఇంట్లో ఏముంటే అది వేసుకు రమ్మన్నాను. గులకరాళ్ళో కందులో తెస్తారనుకున్నాను. ఈ సీజన్లో మా ఇళ్ళల్లో ఏముంటాయి? కాయలు ఆరబోసే పట్టాల మీద రాలిన మిరప గింజలు! ఇరవై రెండు మందీ అవే తెచ్చారు. ఊపి చూస్తే సన్నగా జల్లు పడుతున్నట్టే ఉంది. కానీ సౌండ్ బాటిల్లోనే ఉండిపోతోంది. గురువారం పొద్దున్నే, బస్తాలు కుట్టే దబ్బనం కాల్చి, ఒక్కో మూతకి నాలుగు చిల్లులు పొడిచాను. మిరప గింజలతో పాటు కారం దుమ్ము కూడా ఉంటుందని, మిరప చేలల్లో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలీదా? తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు, అంతే.

ఎంఈఓ గారు వచ్చి కూర్చున్నారు. మస్తాన్ గారు మర్యాదకి ఫ్యాన్ ఐదులో పెట్టించారు.

మొదటి లైను బ్రహ్మాండంగా వచ్చింది. రెండో లైనుకి బాటిళ్ళు లేచాయి. సన్నటి ఎర్రదుమ్ము ఫ్యాన్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి అందరికీ సమానంగా వచ్చింది. నాకు లైను చివర ఆగలేదు. "హాచ్!"

ఇరవై రెండు మందీ నా మొహమే చూస్తున్నారు. "హాచ్!" అన్నారు, అందరూ ఒక్కసారే.

వద్దు వద్దని చెయ్యి ఊపాను. వాళ్ళూ ఊపారు. రెండో తుమ్ము. మళ్ళీ ఇరవై రెండు. మూడోసారి ఎంఈఓ గారు కూడా కలిశారు. కల్లాల పక్కన ఆడుకునే పిల్లలు కదా, వాళ్ళ ముక్కులకి ఆ ఘాటు ఒక లెక్కా? పాట మొత్తం పూర్తిచేసి, నమస్కారం పెట్టి మరీ కూర్చున్నారు.

ఎంఈఓ గారు కుళాయి దగ్గర మొహం కడుక్కున్నారు. మస్తాన్ గారు టవల్ పట్టుకుని నన్నే చూస్తున్నారు. పీరియడ్ పోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది, కాకపోతే అప్పటికే కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి కాబట్టి ఎవరూ గమనించలేదు.

"ఆ తుమ్ములు ఎవరు నేర్పారమ్మా?" అన్నారు ఎంఈఓ గారు.

"నేనేనండీ."

"మా మీటింగుల్లో పదిమంది కలిసి ఒక్కసారి చప్పట్లు కొట్టలేరు. వీళ్ళు ఒక్కసారే తుమ్మారు! మస్తాన్ గారూ, ఆ పీరియడ్ ఉండనివ్వండి. ఆ బాటిళ్ళు మాత్రం ఎక్కడైనా పాతిపెట్టించండి."

బతికిపోయాను! తర్వాతి శుక్రవారం బాటిళ్ళలో కందులు పోసి, చిల్లుల్లేని మూతలు పెట్టి, పాట శుభ్రంగా పాడి వినిపించాను. పిల్లలెవరూ అందుకోలేదు. ముందు వరసలో కూర్చునే కెజియా చెయ్యెత్తింది.

"టీచర్, తుమ్ములు మర్చిపోయారు."

"అవి పాటలో లేవమ్మా."

"ఉన్నాయి టీచర్! ఎంఈఓ గారు కూడా పాడారు కదా!"

నేను చేస్తేనే వాళ్ళూ చేస్తారు. రూలు నాదే. లైను చివర ఆగి, ఉన్నంతలో గట్టిగానే తుమ్మాను.

కెజియా పెదవి విరిచింది. "ఆరోజు బాగా వచ్చింది టీచర్. ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేసుకుని రండి."