ఇనుము మోసే వాటా

పిల్లర్ల లెక్క ముందేసుకున్నప్పుడల్లా ఆవిడ గుర్తొచ్చి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పామర్రు బస్సులో నా పక్క సీటు ఆవిడది. ఎక్కిన కాసేపటికే నా లాప్‌టాప్‌ను మోచేత్తో నెట్టింది.

"మూసెయ్యండి దాన్ని, గుచ్చుకుంటంది."

"బిల్డింగు పిల్లర్ల లెక్కండీ. తప్పితే కూలిపోద్ది."

"నిలబడే పిల్లరుకి లెక్కేంటంట?"

కోపం ఆపుకోలేక చెప్పాను. "ఏళ్లు గడిచేకొద్దీ కాంక్రీటు కొంచెం కుంచించుకుపోద్దండీ. అది మోసే బరువులో కొంత లోపలున్న ఇనుము మీద పడుద్ది. ఇనుము తట్టుకుంటదో లేదో చూడాలి."

ఆవిడ వంకరగా నవ్వి, ముందు సీట్లో నోరు తెరిచి నిద్రపోతున్న భర్త వైపు గడ్డం ఎగరేసింది.

"మా ఇంట్లోనూ అంతే. పైకి కనపడే పిల్లరు మాత్రం ఆయనే."

ఉయ్యూరులో ఆయన చేతులూపుకుంటూ దిగాడు. ఆవిడ రెండు చేతులా సంచులతో, నా కాలు తొక్కి మరీ దిగింది.