నా ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదట

నల్లగొండలో నా ఉద్యోగం పేరు ప్రొబేషన్ అధికారి. చిన్న నేరం చేసినవాళ్లను కోర్టు జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటామని రాయించుకుని వదిలిపెడితే, వాళ్లు నిజంగా బుద్ధిగా ఉంటున్నారా లేదా అని చూడటం నా పని. సర్కారు కొలువుల్లో ఈ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. కొత్తగా చేరినవాళ్లను పర్మనెంట్ చేసేముందు పరీక్షించే కాలాన్నీ ప్రొబేషన్ అనే అంటారు. అందువల్ల పదేళ్లుగా మా చుట్టాల లెక్కలో నేనింకా పర్మనెంట్ కాలేదు. వాళ్లంటే సరే.

పదకొండో ఏట నా పదోన్నతి ఫైలు హైదరాబాద్ వెళ్లి కొర్రీతో తిరిగొచ్చింది: "సదరు ఉద్యోగిని ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నట్టు కనబడుచున్నది. పూర్తయిన పిదప పంపవలెను."

ఒళ్లు మండిపోయింది. బస్సెక్కి వెళ్లి ఆ సెక్షన్ గుమాస్తా ముందు కూర్చున్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"పదేండ్లయినా కాలేదంటే ఏం తప్పు చేసిన్రు మేడం?"

"అది నా హోదా పేరయ్యా!"

"గట్లనా? అయితే ఫికర్ లేదు. మీ పనితీరు మంచిగున్నదని మీ పై అధికారితోని రాయించుకొని రాండ్రి."

మా పై అధికారి కుర్చీ రెండేళ్లుగా ఖాళీ. ఇన్‌చార్జిగా ఉన్నాయన నన్ను ఒక్కసారే పలకరించాడు, అదీ ఇంకెవరో అనుకుని. ఆ నెలలోపు ఫైలు వెళ్లకపోతే పదోన్నతి నాకన్నా మూడేళ్లు వెనక చేరినతనికి పోతుంది.

ఆ వారమే హుజూర్‌నగర్ నుంచి ఒకాయన వచ్చాడు. కాలువ నీళ్ల కొట్లాటలో పక్క పొలమాయన చెయ్యి విరగ్గొట్టిన మనిషి. నా దగ్గర ఆయన గడువు తీరిపోయింది. "ప్రవర్తన తృప్తికరం" అని రాసి సంతకం పెడుతుంటే, నా మొహం చూసి ఏమైందని అడిగాడు. చెప్పేశాను.

"గింతేనా? రెండేండ్లు మిమ్ముల జూసింది నేనే గద. నేన్ రాసిస్త" అని తెల్లకాగితం లాక్కుని, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాశాడు:

"మేడం మంచిది. కోపం జాస్తి. నేను ఎప్పుడు పోయినా నిలబెట్టలే, కుర్చీ ఏసి కూసోమన్నది. ఆమె జెప్పినంకనే పక్క పొలమాయనతోని మల్ల మాట్లాడిన."

"ఆ కోపం మాట కొట్టెయ్" అన్నాను.

"ఉన్నదున్నట్టు చెప్పాలని మీరే అంటరు గద మేడం!"

కోపంతో సహా ఆ కాగితాన్ని ఫైలుకు జతచేసి పంపాను. దానికీ కొర్రీ వచ్చింది: "రాసినవారి హోదా తెలుపవలెను."

పదోన్నతి ఆ వెనక చేరినతనికే పోయింది. నాకు జరిగింది అన్యాయమే. నెల రోజులు మా ఇంట్లో గిన్నెలు మోగాయి. కానీ ఆ పదేళ్లలో నా పని ఎట్లా ఉందో కాగితం మీద పెట్టిన మనిషి ఆయనొక్కడే.