అడగవద్దన్న ప్రశ్న

మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. అమలాపురం సమీపంలోని ఒక కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే కాంట్రాక్టు ఉద్యోగం వచ్చిన తరువాత కూడా, ఈ పనికి నేను సరిపోనని ఎవరైనా కనిపెడతారేమోనన్న భయం నన్ను వదలలేదు.

ఆ ఏడాది అధ్యాపకులం కొందరం ఒక బృందంగా ఏర్పడ్డాం. ప్రతి గురువారం ఒకరి పాఠానికి మిగిలినవారు వచ్చి చివరి బెంచీలో కూర్చోవాలి. చూసినది కాగితం మీద రాసి, తరువాత కలిసి చర్చించుకోవాలి. పాఠాలు మెరుగుపడాలన్నదే అందరి ఉద్దేశం. కానీ ఆ కాగితాన్ని ప్రిన్సిపాల్ గారు కూడా చదువుతారు. నా కాంట్రాక్టు పొడిగించాలో వద్దో ఆయన తేల్చవలసిన నెలలోనే నా వంతు వచ్చింది.

అందుకని ముందురోజే అదే పాఠం అదే విద్యార్థులకు చెప్పేశాను. ఎవరు ఏ ప్రశ్న అడగాలో, ఎవరు జవాబు చెప్పాలో పంచిపెట్టాను. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గుతుందన్నది పాఠం. ఐ.పోలవరం నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. వాళ్ళ నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి.

"సార్, తెల్లారగట్ల నీళ్ళు చల్లగానే ఉంటాయి కదండీ. మరి గాలి చాలక రొయ్యలు అప్పుడే పైకి తేలతాయేంటండీ?"

నాకు తెలియదు. "రేపు ఆ ప్రశ్న అడగొద్దమ్మా," అన్నాను.

"ఆయ్," అని కూర్చుంది.

గురువారం వృక్షశాస్త్రం మేడం గారు, ఒకప్పుడు నాకు పాఠం చెప్పిన భౌతికశాస్త్రం మాస్టారు వచ్చి వెనక కూర్చున్నారు. జవాబులు మరీ తొందరగా వస్తున్నాయని నాకే తెలుస్తోంది. నా ప్రశ్న పూర్తికాకముందే ఒకరు జవాబు చెప్పేశారు. ఆ అమ్మాయి చెయ్యి సగం లేచి, నన్ను చూసి దిగిపోయింది. మేడం గారు అది గమనించారు.

"ఏదో అడగబోయేవు. అడుగమ్మా."

"వద్దండీ."

"ఏం?"

"సారు అడగొద్దన్నారండీ."

మాస్టారి కలం ఆగింది. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

"నిన్న ఈ పాఠం ఒకసారి చెప్పేశానండీ," అన్నాను. "ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియక వద్దన్నాను. అడుగమ్మా."

ఆమె అడిగింది. మేడం గారు ఆలోచించి, "మీ చెరువు నీళ్ళు పచ్చగా ఉంటాయా?" అన్నారు.

"ఉంటాయండీ."

"ఆ పచ్చదనానికీ ప్రాణముంది. పగలు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడితే మీ రొయ్యలతో పాటు అదీ పీల్చేసుకుంటుంది."

"అందుకాండీ మా నాన్న రాత్రంతా నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిప్పుతారు!"

చల్లటి నీరు ఎక్కువ ఆక్సిజన్ పట్టగలదు, అయితే పట్టగలిగినంతా అందులో ఉండాలని లేదు. ఆ మాట బోర్డు మీద రాస్తుండగానే నాకు కూడా స్పష్టమైంది. నేను చెప్పిన సూత్రం తప్పు కాదు. చెరువులో నీళ్ళు తప్ప ఇంకేమీ లేనట్టు చెప్పడమే తప్పు.

స్టాఫ్ రూములో మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు. "నా దగ్గర చదివినప్పుడూ ఇంతే నువ్వు. తెలియకపోయినా ఆయ్, ఆయ్ అంటూ తలూపేవోడివి. ఇప్పుడేం రాయమంటావు? ప్రిన్సిపాల్ గారు చదువుతారు."

"సగం క్లాసు నాటకమని రాసేయండి," అన్నారు మేడం గారు, నవ్వకుండా.

"జరిగింది జరిగినట్టే రాయండి మాస్టారూ," అన్నాను.

ఆయన తలెత్తకుండా రాసి, సంతకానికి కాగితం నా వైపు తిప్పారు. ముందే పాఠం చెప్పేసిన సంగతి మొదటి వాక్యంలోనే ఉంది. చివర, ఇదే పాఠాన్ని వచ్చే గురువారం వృక్షశాస్త్రం అధ్యాపకురాలితో కలిసి మళ్ళీ చెప్పాలని ఉంది. నా పొడిగింపు గురించి మంచిగానో చెడుగానో ఒక్క మాటా లేదు.

సంతకం చేసి, ఆ కాగితాన్ని నేనే ప్రిన్సిపాల్ గారి గదికి తీసుకువెళ్ళాను.