సగం మోకాలు

అతిథుల ముందు మోకాళ్ల మీద కూర్చోకపోతే తోకియెకి పొద్దు గడవదనీ, అందుకే అరవై తొమ్మిదేళ్ల వయసులో మోకాలు కోయించుకుందనీ యునొసె ఊళ్లో చెప్పుకున్నారు. ఊరి స్నానశాలలో, వేడినీళ్లలో మెడదాకా మునిగి కూర్చున్న ఆడవాళ్లదీ అదే మాట.

"దండాలు పెట్టీ పెట్టీ నడుము ఊరుకోదు కాబోలు!"

"రేపు చచ్చాక పెట్టెలో పెట్టి మూతేసినా, లేచి కూర్చుని వడ్డిస్తుందిలే."

నలభై ఏళ్లు సత్రంలో చాపగదుల్లో మోకాళ్ల మీద కూర్చుని భోజనాలు వడ్డించిన మనిషే తోకియె. ఎడమ మోకాలు లోపలివైపు అరిగిపోయింది.

డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టాడు. "ఇక్కడ ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. అవతలి పక్క బాగుంది. ఈ సగం మారిస్తే చాలు. కానీ ఎముకల్ని పట్టి ఉంచే ఈ లిగమెంటు పైకొస గట్టిపడి ఎముకైపోయింది. మిగతాది సాగుతుందో లేదో తెరిచి చూస్తేగాని చెప్పలేను. సాగకపోతే మొత్తం మార్చాలి."

"మొత్తం మారిస్తే కింద కూర్చోగలనా?"

"కష్టమమ్మా. అయినా ఇప్పుడు అందరివీ కుర్చీలేగా?"

"మా అక్క కింద పడుకుంటుందండీ."

పక్షవాతం వచ్చిన అక్క ఫుసయెని మంచమెక్కిస్తే రెండుసార్లు దొర్లి పడింది. అప్పటినుంచి చాప మీదే పరుపు. తినిపించాలన్నా, ఒళ్లు తుడవాలన్నా తోకియె నేల మీదికి దిగాల్సిందే. అక్కని వృద్ధుల కేంద్రంలో అప్పగించి వచ్చి, సగానికీ మొత్తానికీ కూడా సంతకం చేసింది.

ఆపరేషనయ్యాక తెలివి రాగానే నర్సుని అడిగింది. "సగమా, మొత్తమా?"

"సగమేనండీ. లిగమెంటు బాగానే సాగిందట."

తోకియె కళ్లు మూసుకుంది. నొప్పి అనుకుని నర్సు మందు తెచ్చింది.

సగమే అయినా, కింద కూర్చోవడానికి తాను మాటివ్వలేనన్నాడు డాక్టరు. నెలల తరబడి తోకియె మంచం అంచు పట్టుకుని కాలు మడుస్తూ, చాపుతూ గడిపింది. ఎనిమిదో నెలలో అక్కని ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు పొద్దున గోడ పట్టుకుని, మోకాళ్ల కింద దిండు వేసుకుని, మెల్లగా దిగింది. పళ్లు బిగించి కాసేపు అలాగే ఉండి, అప్పుడు గంజి చెంచా ఎత్తింది.

"చల్లారిపోయింది, ముసలిదానా," అంది ఫుసయె వంకర నోటితో.

"అయితే లేచి నువ్వే కాచుకో," అంది తోకియె. ఇద్దరూ నవ్వలేదు. ఫుసయె నోరు తెరిచింది.

సత్రంలో చాపల మీద వడ్డన ఆపేసి, అన్ని గదుల్లోనూ బల్లలూ కుర్చీలూ వేసి అప్పటికి మూడేళ్లు దాటింది. ఊళ్లోవాళ్లెవరూ ఆ గదుల్లో బస చేయరు కాబట్టి, ఆ సంగతి స్నానశాలదాకా రాలేదు.