సంపారా పటంలో లేని చోటు

సంపారా మేకతోలు మీద గీసిన సముద్రపటమంటే బీరా తీరంలో నావికులందరికీ కన్నుకుట్టేది. చుక్కాని పట్టిన నాటినుంచి కళ్లు మసకబారేదాకా ఏ దీవికి వెళ్లినా, ఏ కొత్త ఒడ్డున తలదాచుకున్నా, తాటి ఈనెని మసిలో ముంచి అందులోకి ఎక్కించాడు. బందా, తిమోర్, అవతల పపువా, పేరైనా లేని దిబ్బలూ అన్నీ ఉన్నాయి. ఒక్క తన ఊరు మాత్రం లేదు. అక్కడ తోలు నున్నగా ఖాళీగా ఉండేది.

"ఇంటికి దారి గీసుకున్నామంటే ఇల్లు మరిచిపోతామని ముందే ఒప్పుకున్నట్టు," అనేవాడు. తీరమంతా ఆ మాటకి తలూపేది. నిజానికి ఆయనకి కాస్త పొగరు. దాన్ని మీసం కింద దాచుకునేవాడు.

కళ్లు ఆనకపోయేసరికి పటాన్నీ పడవనీ అల్లుడి చేతిలో పెట్టాడు. ఆ అల్లుడు కాచో పడమటి తీరంలోని మందార్ వాడు, పెళ్లికి సైతం గుర్రబ్బండిలో వచ్చినవాడు; ఈ ఒడ్డుకి నీళ్లమీంచి ఎప్పుడూ రాలేదు. పడవ ఆ ఏడు బోనే రేవులో ఉండడంతో పడవ నడపడానికి తన ఊరివాళ్లని వెంటేసుకుని అక్కణ్ణుంచే ప్రయాణమయ్యాడు.

"మామా, మన ఒడ్డు దగ్గర బోడిగా వదిలేశారేం?" అని వెళ్లేముందు అడిగాడు.

"ముద్ద నోటికెలా పోతుందో కూడా గీసి చూపించాలా అల్లుడూ?" అని నవ్వేశాడు సంపారా.

పడవ కట్టేటప్పుడు అడుగుదూలం ముందు కొన కోసి సముద్రానికిస్తారు, వెనక కొన కోసి ఇంటి ఆడదాని చేతికిస్తారు. ఆ వెనక ముక్క ఇన్నాళ్లూ సంపారా భార్య చెన్నింగ్ దగ్గర ఉండేది. ఇప్పుడది కూతురు రన్ను పక్కలోకి చేరింది. రన్ను కడుపుతో ఉంది.

తూర్పు గాలికి పడవలన్నీ తిరిగొచ్చాయి, కాచోది తప్ప. ఒకనాటి మధ్యాహ్నం చివరికి ఆ తెరచాప కనబడింది. ముగ్గురూ ఒడ్డుకి పరిగెత్తారు.

"ఏం చేస్తున్నాడే?" అన్నాడు సంపారా.

"పగడపు దిబ్బ బయటే చక్కర్లు కొడుతున్నాడయ్యా," అంది చెన్నింగ్. "లోపలికొచ్చే సందు ఎక్కడుందో తెలియడం లేదు. గాలేమో దిబ్బ మీదికే తోస్తోంది."

పటంలో ఆ ఖాళీ చోటు సంపారా మసక కళ్లకి కూడా స్పష్టంగా కనిపించింది. తన పొగరే అల్లుణ్ణి మింగేలా ఉంది.

రన్ను నీళ్లకేసి ఉరికింది. తల్లి రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. "నిండు నెలలతో నీళ్లలోకా? బుద్ధుందా నీకు? కూర్చో, మీ నాన్న చెయ్యి పట్టుకో."

చెన్నింగ్ కట్టిన లుంగీ ఎగదోపి, తలకి చుట్టుకున్న ఎర్రగుడ్డ విప్పి, తను రోజూ నత్తలేరుకునే దిబ్బ మీదుగా నడిచిపోయింది. సందు అంచున నడుంలోతు నీళ్లలో నిలబడి గుడ్డ పైకెత్తింది. కాసేపటికి పడవ ముక్కు ఆమె వైపు తిరిగింది. అడుగుదూలం ఇసకని ఒరుసుకున్న చప్పుడు వినబడేదాకా సంపారా కూతురి చెయ్యి వదల్లేదు.

కాచో దిగుతూనే, "అత్తా, నువ్వే గనక లేకపోతే..." అంటూ ఆమె కాళ్లకి వంగబోయాడు.

"ఏడిశావులే, ముందు దాని దగ్గరికి పో," అంది చెన్నింగ్, కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం సంపారా తోలు పరిచి, చుట్టుకుపోకుండా దానిమీద ఆ దూలపు ముక్క బరువు పెట్టాడు. "ఇన్నేళ్లూ ఆ సందులోంచి కళ్లు మూసుకుని వచ్చేవాణ్ణే!"

"కళ్లు మూసుకునా? ప్రతిసారీ నేనక్కడ ఈ గుడ్డ పట్టుకుని నిలబడితేగా నువ్వొచ్చింది!"

"నన్ను చూడాలని ఆగలేక ఎదురొస్తున్నావనుకునేవాణ్ణి," అన్నాడు సంపారా. "నీకేసి చూస్తూ వచ్చేసేవాణ్ణి. అదే దారని ఎన్నడూ అనుకోలేదు."

"ఆగలేకపోవడమూ నిజమేలే," అంది చెన్నింగ్.

"నువ్వు నిలబడే చోటు చూపించు."

ఆమె ఆయన చేతిని పట్టుకుని, ఈనెని ఆ నున్నటి ఖాళీలోకి తీసుకెళ్లింది. చుక్క ఎక్కడ పడిందో ఆయన వేలితో తడిమేసరికి అది కాస్త అలుక్కుపోయింది. చెన్నింగ్ దాన్ని తుడవనివ్వలేదు.