బండి చుట్టూ ఒకే వరుస

మా వదిన పోయింది. మొన్న ఏకాదశి పొద్దున అచ్చు మిషనుకు నూనె పెట్టి, చేతులు తుడుచుకుంటూ గోడకు ఆనుకొని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. నేను పూజ ముగించుకుని తీర్థం తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. చూడటానికి వచ్చినవాళ్లంతా శాంతంగా పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు. పుణ్యాత్మురాలే. శాంతంగా మాత్రం పోలేదు. ఆమెకు ఒక మనిషి ఒక మాట చెప్పవలసి ఉండింది. ఆ మాట వినకుండానే పోయింది. మీకు ఆమెను గుర్తు చేయాలంటే ఆ సంగతి దాచి చేయలేను.

ఆమె మా అన్న భార్య. నేను భర్త పోయినాక అన్న ఇంటికి చేరాను. నాకు యాభై వచ్చినా ఆమెకు నేను పాపనే. అచ్చు మిషను ఆమె పుట్టింటి నుంచి వచ్చింది. అన్న హార్మోనియం పట్టుకొని నాటకాలవాళ్ల వెంట ఊళ్లు తిరుగుతుంటే, కర్నూలులో ఆ మిషను మీద ఇల్లు నడిపింది ఆమె. హైస్కూలు దాకా చదివానని అచ్చు తప్పులు చూసే పని నాకు అప్పగించింది.

పెళ్లి పత్రికలు ఎవరైనా వేస్తారు. మా దగ్గరికి నాటకాలవాళ్లు వచ్చేది పట్టీ కోసం. నాటకం ఉన్న రోజు తప్పెట కొట్టుకుంటూ బండి ఊరంతా తిరిగేది కదా, ఆ బండి చుట్టూ అంటించే పొడుగాటి కాగితం అది. నాటకం పేరు, వేషగాళ్ల పేర్లు, ఆట మొదలయ్యే వేళ, అన్నీ ఒకే వరుసలో ఉండాలి. బండి కదులుతూ ఉంటుంది, జనం నిలబడి ఉంటారు, కింది వరుసకు కళ్లు దించే వ్యవధి ఉండదు. మా మిషనేమో జానెడు వెడల్పుది. అందుకని తావులు తావులుగా కాగితాలు అతికించి చుట్ట చేసేవాళ్లం. వదిన ఒక్కొక్క మాటకు చెక్క అక్షరాలు బిగించి అచ్చు ఒత్తేది, నేను కాగితం పక్కకు జరిపేదాన్ని, పోయిన మాట ఆగినచోటే తరువాతి మాట పడేది. కాగితం ఒక వెంట్రుకవాసి వాలినా వరుస కిందికి జారిపోయేది. అందుకని మిషను అంచున ఒక దారం బిగించి, కాగితం దాన్ని తాకుతూ నడిచేలా చేసింది.

"వరస దిగనీయొద్దు పాపా. చదివేవాడు నడుమ ఆగినాడంటే మనం ఒత్తినదంతా వృథా" అనేది.

తన అన్నం తినే పళ్లెం కంటే ఆ చెక్క అక్షరాలను శుభ్రంగా ఉంచేది. పొద్దున్నే మిషనును తాకి కళ్లకద్దుకునేది. నవ్వించకుండా ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు. ఒకసారి కృష్ణుడి వేషం వేసే ఆయన వచ్చి, తన పేరు అందరికంటే పెద్ద అక్షరాలలో ఉండాలని పట్టుబట్టాడు.

"నీ కిరీటమంత పెద్దగ వెయ్యాలంటే బండికి ఇంకో ఎద్దును కట్టాల గదప్పా" అంది వదిన.

"నేనే కడతాలేమ్మా."

"కట్టేదెందుకు? నువ్వే కాడి కింద దూరు."

ఆయన కూడా నవ్వేశాడు.

ఇక ఆ మాట చెప్పవలసిన మనిషి, నాటకాల కంట్రాక్టరు సంగతి. అన్న వాయించింది ఆయన ఆడించే నాటకాలలోనే. ఒక ఎండాకాలం మైదుకూరులో ఆట ముగిసినాక అన్నకు జ్వరం తగిలింది. మరునాడు కడపలో ఆట ఉంది. కంట్రాక్టరు సత్రంలోకి వచ్చి, నుదురు తాకి చూసి, డాక్టరును పంపిస్తానని చెప్పి, హార్మోనియం మాత్రం బండిలో పెట్టించుకొని వెళ్లిపోయాడు. డాక్టరు రాలేదు. సత్రంలో వండిపెట్టే ఆమె గంజి తాగించి చూసుకుంది. బస్సు డ్రైవరుతో ఆమె కబురు పంపితే నేనూ వదినా పోయాము. మేము పోయేసరికి అన్నను చాప మీద నుంచి కిందికి దించి ఉన్నారు.

ఆ పాపం అక్కడితో ఆగలేదు. కడపలో హార్మోనియం వాయించేవాడు ఏడని జనం అరిస్తే, ఆయన తెర ముందుకొచ్చి, మా హార్మోనిస్టు ఆట నడుమ వదిలి పారిపోయినాడు, మీరే చూసుకోండి అన్నాడట. ఆ మాట ఊరూరా పాకింది. వాయించే చేయి కింద పెట్టి అన్న ఒక్క ఆటయినా విడిచిన మనిషి కాదు. చనిపోయినవాడు పారిపోయినవాడైనాడు.

కర్మలు కాగానే వదిన కంట్రాక్టరు గుడారానికి పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"నాకు ఇంకేమీ వద్దప్పా. స్టేజీ ఎక్కి ఒక్క మాట చెప్పు. ఆయప్ప పారిపోలేదు, నేనే ఇడిసిపెట్టి వస్తి అని."

"సచ్చినోనికి పేరుతో ఏం పనుండాదమ్మా? పట్టీలు మీకే ఇస్తాంటాలే, పో" అన్నాడు.

ఇచ్చాడు. ఆమె ఒత్తింది. నాకు ఒళ్లు మండిపోయేది. దీపం పెట్టి నామం చెప్పుకుంటూ కూడా ఆయన చెడిపోవాలనే కోరుకునేదాన్ని. దేవుడికి తెలియనిది ఏముంది, మీకు దాచడం ఎందుకు?

"ఎందుకు వదినా వాని పని చేస్తాండావు?" అని అడిగాను.

"రానీ పాపా. రాకుండ చేసుకుంటే మళ్లా యాడ పట్టుకుంటాం?"

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు వచ్చాయి. మంత్రులు, ఆఫీసర్లు, కొత్త కొత్త మనుషులు. కంట్రాక్టరు పెద్దవాళ్లను పిలిచి బ్రహ్మాండమైన ఆట పెట్టాడు. ఆయనకు ఒక పిచ్చి ఉండేది. తన పేరు పట్టీ చివర, బండి వెనక పలక మీద పడాలి. బండి మలుపు తిరిగినా జనం కళ్లలో మిగిలేది తన పేరే కావాలని. వదిన ఎప్పటిలాగే ఒత్తింది. నేను జరిపాను. చివర ఆయన పేరు, గారు కూడా పడినాక నేను కాగితం చించబోతే నా చేయి పట్టుకుంది.

"ఇంకా ఉండాది. జరుపు."

ఏ మాటలు బిగిస్తున్నదో చూశాను. దారం వెంట జాగ్రత్తగా జరిపాను. అంతకంటే తిన్నని వరుస మేము ఎప్పుడూ వేయలేదు.

మధ్యాహ్నం కంట్రాక్టరే వచ్చి చుట్ట మొదలు విప్పి చూశాడు. నాటకం పేరు చూశాడు, పెద్ద వేషాలు చూశాడు, బాగుండాదని చుట్టేశాడు. ఎవరైనా అంతే, పట్టీ చుట్టను కొస దాకా విప్పి చూసేవాళ్లు లేరు, విప్పితే మళ్లీ చుట్టలేక చస్తారు. అంటించిన బండివానికి చదువు రాదు. తప్పెట మోగింది. బండి బురుజు దగ్గర నుంచి బజారులోకి వచ్చింది. మేమిద్దరం వాకిట్లో నిలబడ్డాం. పక్కల మీద వేషగాళ్ల పేర్లు పోయాయి. వెనక పలక మీద ఆయన పేరు, ఆ పేరు వెంటనే, సందు లేకుండా, అదే అక్షరాలలో: మైదుకూరు సత్రంలో జ్వరంతో ఉన్న హార్మోనిస్టును విడిచి వచ్చినవారు.

జనం బండి వెనక నడిచారు. ఒకరు చదివి ఇంకొకరికి చెప్పారు. ఆ రోజు ఆట మొదలు కాగానే మూలమూలల నుంచి ఒకటే అరుపులట, హార్మోనియమాయప్ప యాడ, యాడ అని. ముందు వరుస పెద్దవాళ్లు లేచిపోయారు.

మరునాడు ఆయన మా వాకిట్లోకి వచ్చిన తీరు వీధంతా చూసింది.

"నా కొంప ముంచితివి గదమ్మా. నిన్ను ఊర్లో లేకుండ చేస్తా."

వదిన చేతులు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూనే ఉంది. "అబద్ధమేదో చూపించప్పా. ఇప్పుడే ఇంకో పట్టీ ఒత్తిస్తా, తప్పు నాదని. దుడ్లు తీసుకోకుండ ఉత్తగ ఒత్తిస్తా."

ఆయన వచ్చిన దారినే పోయాడు.

ఆ తరువాత కర్నూలులో ఆయన గుడారానికి ఎవరూ జాగా ఇవ్వలేదు. మాకూ కష్టం వచ్చింది. కంట్రాక్టర్లంతా ఒకటై పట్టీలు మాకు ఇవ్వడం మానేశారు. జొన్న సంకటితో, ఊరిమిండి పచ్చడితో రోజులు గడిపాం. వదిన ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. అయితే గెలిచామని కూడా అనలేదు. "నేను చెప్తే అది పెండ్లాం మాట పాపా. ఆ కంట్రాక్టరు నోటితో రావాల" అనేది. అది రాకుండానే పోయింది.

పదకొండో రోజున వేషగాళ్లు చందా వేసుకొని బడి ఆవరణలో సభ పెట్టారు. ముందురోజు కంట్రాక్టరు మా ఇంటికి వచ్చాడు. ముసలివాడైపోయాడు, పై పళ్లు లేవు.

"పెద్ద మనసు చేసుకోమ్మా. భక్తురాలివి. రేపు ఆయమ్మ పటానికి నా చేత ఒక దండ ఏయించు. నలుగురూ చూస్తే నాకూ కొంచెం మర్యాదగ ఉంటాది."

మంచినీళ్లు ఇచ్చాను. ఇంటికి వచ్చినవారికి ఇవ్వాలి కనుక ఇచ్చాను.

"స్టేజీ ఎక్కు అయ్యా. ఆ మాట చెప్పు. చెప్పినాక దండ ఎయ్యి" అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా? ఆయప్ప లేడు, ఈయమ్మ కూడా పోయె."

"మేముండాం గదా వినేదానికి."

ఆయన నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

సభకు వచ్చాడు. బంతిపూల దండ పెద్దది, రెండు చేతులతో పట్టుకుని ఆవరణ చివర గోడ దగ్గర నిలబడ్డాడు. కృష్ణుడి వేషం వేసే ఆయన కాడి మాట చెప్పి నవ్వించి, తరువాత ఏడ్చాడు. ఒక్కొక్కరే లేచి ఏదో ఒకటి చెప్పి, పటానికి పూలు పెట్టి దిగారు. నేను పటం పక్కన కూర్చొని ఆయన వైపే చూస్తూ ఉన్నాను. రమ్మని పిలవలేదు, పొమ్మని సైగ చేయలేదు. ఒకసారి ముందుకు రెండడుగులు వేసి, అందరూ తిరిగి చూసేసరికి ఆగిపోయాడు. ఎండ గోడ దిగి ఆయన ముఖం మీదికి వచ్చింది. రెండు చేతులా దండ ఉండటంతో చెమట తుడుచుకోలేకపోయాడు. చాపలు చుట్టేవాళ్లు ఆయన కాళ్ల దగ్గరికి వచ్చి, జరగమని చెప్పలేక, ఆయన చుట్టూ ఉన్నవి చుట్టుకుంటూ పోయారు. నేను దీపం సర్ది, వత్తి ఎగదోసి, మళ్లీ తల ఎత్తి చూశాను. అక్కడే ఉన్నాడు.